మెదడుకు విద్యుత్తు, ముసలితనంలో జ్ఞాపకం: ఒక పరిశోధన పత్రంపై విమర్శ

గత యూనిట్‌లో మీరు స్మృతి నిర్మాణం గురించి చదివారు. స్వల్పకాలిక స్మృతి, దీర్ఘకాలిక స్మృతి, వాటిని కొలిచే ప్రయోగ పద్ధతులు మీకు ఇప్పటికే పరిచయం. ఈ యూనిట్‌లో కొత్త సిద్ధాంతం ఏదీ చెప్పబోవడం లేదు. ఒకే ఒక పరిశోధన పత్రాన్ని తీసుకుని, అది చేసిన వాదన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలిస్తాం. కాగితం, కలం దగ్గర పెట్టుకుని చదవండి. మధ్యలో ఆగి ఆలోచించమని అడిగిన చోట నిజంగానే ఆగండి.

మనం ఎంచుకున్న పత్రం 2022 ఆగస్టులో 'నేచర్ న్యూరోసైన్స్' పత్రికలో వచ్చింది. బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన శ్రేయ్ గ్రోవర్, రాబర్ట్ రైన్‌హార్ట్, వారి సహచరులు దీన్ని రాశారు. 65 నుంచి 88 ఏళ్ల వయసున్న వారి తలపై నాలుగు రోజుల పాటు, రోజుకు 20 నిమిషాలు, బలహీనమైన విద్యుత్తును ప్రసరింపజేస్తే వారి జ్ఞాపకం మెరుగుపడిందనీ, నెల తరవాత చూసినా ఆ మెరుగుదల నిలిచే ఉందనీ పత్రం చెబుతుంది. శస్త్రచికిత్స లేదు, మందు లేదు.

ఈ రంగంలో బలహీనమైన పత్రాలు చాలా ఉన్నాయి. వాటిని విమర్శించడం సులువు, కానీ దానివల్ల మీరు నేర్చుకునేది తక్కువ. ఇది ఈ రంగంలోని మంచి పత్రాల్లో ఒకటి. అందుకే దీన్ని ఎంచుకున్నాం. ఇంకో కారణం కూడా ఉంది. అరవై దాటిన పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ మతిమరుపు గురించిన భయం ఉంటుంది. 'తాళాలు ఎక్కడ పెట్టానో గుర్తులేదు' అనే మాట ఇల్లంతా నవ్వుకోవడానికి పనికొచ్చినా, ఆ మాట అన్న మనిషి లోపల నవ్వుకోకపోవచ్చు. అలాంటి మనిషికి ఒక పరిశోధన ఆశ చూపిస్తోందంటే దాన్ని జాగ్రత్తగా చదవాల్సిన బాధ్యత మనకు ఉంది.

క్రియాశీల స్మృతి అంటే

బ్యాంకు నుంచి ఆరంకెల ఓటీపీ వచ్చింది. దాన్ని చూసి, ఇంకో తెర తెరిచి, టైపు చేసేంతవరకు మనసులో నిలుపుకుంటారు. ఇది నిలుపుకోవడం మాత్రమే. ఇప్పుడు కూరగాయల బండి దగ్గర నిలబడ్డారనుకోండి. టమాటా కిలో 48 రూపాయలు, మీకు రెండున్నర కిలోలు కావాలి. రెండు కిలోలకు 96 అని లెక్కగట్టి, దాన్ని మనసులో అట్టిపెట్టి, అర కిలోకు 24 లెక్కగట్టి, రెండూ కలిపి 120 అంటారు. ఈలోగా బండివాడు 'కొత్తిమీర వేయమంటారా' అని అడిగితే 96 జారిపోవచ్చు. సమాచారాన్ని నిలుపుకుంటూనే దానితో పని చేయగల ఈ సామర్థ్యాన్నే వర్కింగ్ మెమరీ అంటారు. ఈ యూనిట్‌లో దాన్ని క్రియాశీల స్మృతి అంటున్నాం.

అలన్ బడ్లీ, గ్రాహం హిచ్ 1974లో ప్రతిపాదించిన నమూనాలో ఈ 'పని చేయడం' అన్న అంశమే కీలకం. స్వల్పకాలిక స్మృతిని ఒక గిన్నెలాగా చూసే పాత భావనను వారు మార్చారు. గిన్నె పరిమాణం గురించి మీరు ఇదివరకే చదివారు: జార్జ్ మిల్లర్ 1956లో ఏడు చెప్పాడు, నెల్సన్ కోవన్ 2001లో నాలుగుకు తగ్గించాడు. నమూనా ఏదైనా, వయసు పెరిగేకొద్దీ ఈ సామర్థ్యం తగ్గుతుందన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు.

'నిలుపుకోవడం', 'పని చేయడం' అనే ఈ తేడాను గుర్తుంచుకోండి. పత్రంపై మన ప్రధాన అభ్యంతరం ఇక్కడి నుంచే వస్తుంది.

విద్యుత్తు ఏం చేస్తుంది

పుర్రెను తెరవకుండా మెదడును ప్రభావితం చేసే పద్ధతులు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది అయస్కాంత పద్ధతి. ఆంథోనీ బార్కర్ బృందం 1985లో షెఫీల్డ్‌లో దీన్ని చేసి చూపింది. తలపై ఉంచిన తీగచుట్ట నుంచి వచ్చే అయస్కాంత స్పందన నాడీకణాలను నేరుగా ప్రేరేపించగలదు. చేతిని కదిలించే మెదడు భాగంపై ఉంచితే బొటనవేలు తనంతట తానే ఎగిరిపడుతుంది.

రెండోది బలహీనమైన విద్యుత్తును ఎలక్ట్రోడ్ల ద్వారా పంపే పద్ధతి. సాధారణంగా వాడేది 1 నుంచి 2 మిల్లీ ఆంపియర్లు. పరికరాల మీద వెలిగే చిన్న ఎల్‌ఈడీ దీపం తీసుకునే విద్యుత్తులో ఇది పదో వంతు మాత్రమే. ఇంత తక్కువ విద్యుత్తు నిద్రాణంగా ఉన్న నాడీకణాన్ని లేపలేదు. కానీ లేవబోతున్న కణాన్ని కాస్త ముందుకో వెనక్కో నెట్టగలదు. మైకేల్ నిట్షె, వాల్టర్ పౌలుస్ 2000లో గోటింగెన్‌లో చేసిన ప్రయోగాలు చేతిని కదిలించే మెదడు భాగంలో ఈ సంగతిని చూపించాయి. నేటి ఆసక్తి చాలావరకు అక్కడే మొదలైంది.

ఈ విద్యుత్తు ఒకే దిశలో ప్రవహిస్తే దాన్ని టీడీసీఎస్ అంటారు. లయబద్ధంగా దిశ మారుతూ ఉంటే టీఏసీఎస్ అంటారు. మన పత్రం రెండోదాన్ని వాడింది. దాని వెనక ఉన్న ఆలోచన ఇది. మెదడులోని వివిధ భాగాలు లయలతో పనిచేస్తాయి. సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగే థీటా లయ, అంతకన్నా ఎంతో వేగవంతమైన గామా లయ జ్ఞాపకానికి సంబంధించిన పనుల్లో కనిపిస్తాయి. కోలాటంలో రెండు వరుసలవాళ్లూ ఒకే దరువుకు అడుగు వేస్తేనే కర్రకు కర్ర తగులుతుంది. అలాగే దూరదూరంగా ఉన్న మెదడు భాగాల లయలు కలిస్తేనే వాటి మధ్య సమాచారం సాగుతుందనీ, వయసుతో ఆ కలయిక సడలుతుందనీ ఒక పరికల్పన. బయటి నుంచి సరైన దరువు వేస్తే అడుగులు మళ్లీ కలుస్తాయన్నది ఈ పరిశోధకుల ఆశ. ఉపమానం అందంగా ఉంది. ఉపమానాన్ని రుజువుగా తీసుకోకుండా జాగ్రత్తపడండి.

ఈ పత్రానికి ముందు

2005లో ఫెలిపె ఫ్రెగ్ని బృందం ఒక ప్రయోగం చేసింది. 15 మంది, ఎడమవైపు నుదుటి భాగంపై 1 మిల్లీ ఆంపియర్, 10 నిమిషాలు. వారికి ఇచ్చిన పనిని 'త్రీ-బ్యాక్' అంటారు. తెరపై అక్షరాలు ఒకదాని తరవాత ఒకటి వస్తుంటాయి. ఇప్పుడు కనబడుతున్న అక్షరం మూడు స్థానాల వెనక వచ్చిందేనా కాదా చెప్పాలి. క, మ, ర, క అని వస్తే చివరి 'క' దగ్గర అవునని చెప్పాలి. వినడానికి తేలికగా ఉన్నా, ఎవరినైనా చదివి వినిపించమని ఓ ఇరవై అక్షరాల పాటు చేసి చూడండి. విద్యుత్తు పంపినప్పుడు ఆ 15 మంది సరైన జవాబులు ఎక్కువ చెప్పారు. ఆ ఫలితం తరవాత పదుల కొద్దీ ప్రయోగాలకు దారి తీసింది.

పదేళ్ల తరవాత లెక్కలు చూడడం మొదలైంది. జేర్డ్ హోర్వత్, మరో ఇద్దరు 2015లో చేసిన సమీక్షలో, ఆరోగ్యవంతులకు ఒక్కసారి ఇచ్చిన టీడీసీఎస్ వల్ల మానసిక సామర్థ్యాల మీద నమ్మదగిన ప్రభావం ఏదీ తేలలేదు. వేర్వేరు ప్రయోగాలను వారు కలిపిన తీరుపై ఇతర పరిశోధకులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరాల్లో కొన్ని న్యాయమైనవే. కానీ 2017లో జేర్డ్ మెదీనా, సామ్యూల్ కేసన్ వేరే గణాంక పద్ధతితో చూసి, క్రియాశీల స్మృతిపై వచ్చిన పత్రాల సమూహంలో సాక్ష్య విలువ కనిపించడం లేదన్నారు. అదే ఏడాది స్వీడన్ నుంచి యోనా నిల్సన్ బృందం 120 మందికి పైగా వృద్ధులపై, 20 విడతల శిక్షణతో చేసిన ప్రయోగ ఫలితం వచ్చింది. శిక్షణకు విద్యుత్తును జోడించడం వల్ల అదనంగా ఒరిగింది దాదాపు ఏమీ లేదు.

15 మందితో చేసిన ప్రయోగానికి వచ్చిన పేరు 120 మందితో చేసిన ప్రయోగానికి రాలేదు. 'పనిచేసింది' అన్న వార్త పాకినంత వేగంగా 'పనిచేయలేదు' అన్న వార్త పాకదు. పరిశోధన పత్రికలు కూడా దీనికి అతీతం కావు. దీన్నే ప్రచురణ పక్షపాతం అంటారని పరిశోధన పద్ధతుల పాఠంలో చదివారు.

ఈ నేపథ్యంలో రైన్‌హార్ట్, జాన్ న్గుయెన్ 2019లో రాసిన పత్రం వచ్చింది. 20 నుంచి 29 ఏళ్ల వారు 42 మంది, 60 నుంచి 76 ఏళ్ల వారు 42 మంది. ఒక బొమ్మ చూపి, కాస్త విరామం తరవాత రెండో బొమ్మ చూపి, ఏమైనా మారిందా అని అడిగారు. పెద్దవారికి ఎడమవైపు నుదుటి, కణత భాగాలపై, ఎవరి థీటా లయకు తగ్గట్టు వారికి, 25 నిమిషాలు విద్యుత్తు ఇచ్చారు. పెద్దవారి పనితీరు చిన్నవారి స్థాయికి చేరింది. విద్యుత్తు ఆపాక 50 నిమిషాల వరకు అలాగే ఉంది. అంతకు మించి కొలవలేదు. ముసలివారికి ఇరవయ్యేళ్ల జ్ఞాపకం తిరిగొచ్చిందన్న ధోరణిలో పత్రికలు రాశాయి. ఒక పనిలో, ఒక గంట లోపు వచ్చిన మార్పు అది.

2022 పత్రం చేసింది

50 నిమిషాలను దాటి పోగలమా అన్నది 2022 పత్రం వేసుకున్న ప్రశ్న. మొత్తం 150 మంది. మొదటి ప్రయోగంలో 60 మందిని, ఒక్కొక్క దానిలో 20 మంది చొప్పున, మూడు సమూహాలుగా యాదృచ్ఛికంగా విడగొట్టారు. ఒక సమూహానికి మెదడు వెనక పక్క భాగమైన ఇన్‌ఫీరియర్ పెరైటల్ లోబ్యూల్‌పై 4 హెర్ట్జ్ లయ. రెండో సమూహానికి ముందు భాగమైన డోర్సోలేటరల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌పై 60 హెర్ట్జ్ లయ. మూడోది నియంత్రిత సమూహం. వారికి ఉత్తుత్తి ఉద్దీపన, అంటే ఎలక్ట్రోడ్లు పెట్టి, చర్మానికి చురుక్కుమనేంతగా మొదట కాసేపు విద్యుత్తు ఇచ్చి ఆపేయడం. ఎవరికి ఏది అందుతోందో పాల్గొన్నవారికి గాని, వారితో పనిచేసేవారికి గాని తెలియకుండా చేశారు.

ఇచ్చిన పని మీకు తెలిసిందే: స్వేచ్ఛా పునఃస్మరణ. 20 పదాల జాబితా వినిపించి, గుర్తున్నవి ఏ వరసలోనైనా చెప్పమన్నారు. రోజుకు ఐదు జాబితాలు. ఇలాంటి పనిలో జాబితా మొదట్లోని పదాలు, చివర్లోని పదాలు బాగా గుర్తుంటాయని, మధ్యవి జారిపోతాయని చదివారు. మొదటిది ప్రాథమ్య ప్రభావం, రెండోది సామీప్య ప్రభావం. పెరైటల్ భాగానికి నిదాన లయ అందుకున్నవారు చివరి పదాలను ఎక్కువగా చెప్పారు. ఈ తేడా మూడో రోజు నుంచి కనిపించింది. ప్రీఫ్రంటల్ భాగానికి వేగవంతమైన లయ అందుకున్నవారు మొదటి పదాలను ఎక్కువగా చెప్పారు. ఇది రెండో రోజు నుంచే కనిపించింది. రెండూ నెల తరవాత కూడా ఉన్నాయి.

రెండో ప్రయోగం మరో 60 మందితో. ఈసారి లయలను తారుమారు చేశారు. పెరైటల్ భాగానికి వేగవంతమైన లయ, ప్రీఫ్రంటల్‌కు నిదాన లయ. మెరుగుదల రాలేదు. మూడో ప్రయోగంలో 30 మంది కొత్తవారితో మొదటి ఫలితాన్ని తిరిగి పొందారు.

ఇక్కడ ఆగండి. రెండో ప్రయోగం ఎందుకు చేసి ఉంటారు? అది లేకపోతే మొదటి ఫలితాన్ని మీరు ఎలా అనుమానించేవారు? రెండు మూడు వాక్యాల్లో రాసి, తరవాత ముందుకు వెళ్లండి.

పత్రం బలం

ఈ రంగంలో ఎప్పుడూ వెంటాడే అనుమానం ఒకటుంది. తలకు ఏదో తగిలించి, చురుక్కుమనిపించి, 'ఇది జ్ఞాపకానికి' అంటే ఎవరైనా కాస్త ఎక్కువ శ్రద్ధ పెడతారు. ఆ శ్రద్ధే ఫలితం ఇచ్చి ఉండవచ్చు. ఉత్తుత్తి ఉద్దీపన ఈ అనుమానాన్ని కొంతే తీరుస్తుంది, ఎందుకంటే అసలుకు, ఉత్తుత్తికి తేడా కనిపెట్టేవారు కొందరుంటారు. తారుమారు ప్రయోగం దీన్ని ఇంకా బాగా తీరుస్తుంది. అందులోనూ అసలైన విద్యుత్తే, అదే తలపై, అదే 20 నిమిషాలు. కేవలం ఆశ, శ్రద్ధ కారణమైతే అక్కడా మెరుగుదల కనిపించాలి. కనిపించలేదు. పైగా ఒక చోటి ఉద్దీపన ఒక రకం పదాలను, ఇంకో చోటిది ఇంకో రకం పదాలను మెరుగుపరచింది. దీన్ని ద్వంద్వ వియోజనం అంటారు. మామూలు ప్లాసిబో ప్రభావం జాబితాలో చివరి పదాలను మాత్రమే ఎంచుకుని మెరుగుపరుస్తుందని ఊహించడం కష్టం.

ప్రయోగ రూపకల్పనగా ఇది మెచ్చుకోదగ్గ పని. దీన్ని చులకన చేసే విమర్శ న్యాయమైన విమర్శ కాదు.

చివరి పదాలు క్రియాశీల స్మృతేనా?

అసలు చిక్కు కొలతలో ఉంది. జాబితాలోని చివరి పదాలను చెప్పగలగడాన్ని పత్రం క్రియాశీల స్మృతికి గుర్తుగా తీసుకుంది. మొదటి పదాలను దీర్ఘకాలిక స్మృతికి గుర్తుగా తీసుకుంది. ఈ విభజన 1960ల నాటి ప్రయోగాల నుంచి వచ్చింది. మరీ గ్లాంజర్, అనితా కునిట్జ్ 1966లో చేసిన ప్రయోగం మీకు గుర్తుండాలి. జాబితా పూర్తయ్యాక 30 సెకన్ల పాటు అంకెలు లెక్కపెట్టిస్తే సామీప్య ప్రభావం మాయమైంది, ప్రాథమ్య ప్రభావం నిలిచింది. కాబట్టి చివరి పదాలు స్వల్పకాలిక గిన్నెలో ఉంటాయని తేల్చారు.

కథ అక్కడితో ఆగలేదు. రాబర్ట్ బ్యోర్క్, విలియమ్ విట్టెన్ 1974లో ప్రతి పదాల జంటకూ ముందూ వెనకా లెక్కలు చేయించారు. జాబితా చివర కూడా లెక్కలు చేయించారు. గిన్నె సిద్ధాంతం ప్రకారం చివరి పదాలు పోవాలి. పోలేదు. బడ్లీ, హిచ్ 1977లో రగ్బీ ఆటగాళ్లను ఆ సీజన్‌లో తాము ఏయే జట్లతో ఆడారో చెప్పమన్నారు. ఇటీవలి ఆటలే బాగా గుర్తున్నాయి. వారాలు, నెలల వ్యవధిలోనూ సామీప్య ప్రభావం కనిపించింది. మూడు వారాల కిందటి ఆట ఎవరి క్రియాశీల స్మృతిలోనూ ఉండదు కదా. అంటే సామీప్య ప్రభావం దీర్ఘకాలిక స్మృతిలోనూ ఉంటుంది. చివరి పదాలు చెప్పగలగడానికి క్రియాశీల స్మృతి ఒక కారణం కావచ్చు, ఒక్కటే కారణం కాదు.

విశేషం ఏమిటంటే, క్రియాశీల స్మృతి నమూనాను ఇచ్చిన ఆ ఇద్దరే రగ్బీ అధ్యయనం చేశారు. చివరి పదాలను ఆ నమూనా కొలతగా వాడుకునే పత్రం ఈ చరిత్రను ఇంకాస్త ఎక్కువ పట్టించుకుని ఉండాల్సింది.

ఇందాక గుర్తుంచుకోమన్న తేడాకు రండి. విన్న పదాలను తిరిగి చెప్పడంలో 'నిలుపుకోవడం' ఉంది. 'పని చేయడం' లేదు. టమాటా లెక్కలో ఉన్నది ఇందులో లేదు. అంకెలను వెనక నుంచి ముందుకు చెప్పించడం, అక్షరాలను వరసలో పెట్టించడం వంటి పనుల్లో కూడా అదే మెరుగుదల వచ్చి ఉంటే పత్రం శీర్షికలో ఉన్న మాట నిలబడేది. ప్రధాన ఫలితాలన్నీ ఒకే రకం పని మీద ఆధారపడ్డాయి.

ఇంకో వివరణకు కూడా తలుపు తెరిచే ఉంది. స్వేచ్ఛా పునఃస్మరణలో నేర్పరులు ఏం చేస్తారు? జాబితా ముగియగానే చివరి పదాలను ముందు గబగబా చెప్పేసి, తరవాత మొదటివాటి కోసం వెతుకుతారు. మొదట చివరివి చెబితే సామీప్య ప్రభావం పెరుగుతుంది. మొదటి పదాలను మనసులో పదేపదే వల్లె వేసుకుంటే ప్రాథమ్య ప్రభావం పెరుగుతుంది. అంటే విద్యుత్తు సామర్థ్యాన్ని పెంచిందా, లేక పని చేసే ఎత్తుగడను మార్చిందా అనే ప్రశ్న మిగులుతుంది. నాలుగు రోజుల్లో ఎంత వేగంగా మెరుగుపడ్డారో దాన్నిబట్టి నెల తరవాతి ఫలితాన్ని ఊహించవచ్చని పత్రం చెబుతుంది. సామర్థ్యం పెరిగినా అలాగే ఉంటుంది. మంచి ఎత్తుగడ పట్టుబడినా అలాగే ఉంటుంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో ఒక పాత ఉదాహరణ చెబుతుంది. ఆండర్స్ ఎరిక్సన్, విలియమ్ చేజ్, స్టీవ్ ఫాలూన్ 1980లో ఒక విద్యార్థి గురించి రాశారు. మొదట అతను ఏడంకెలు మాత్రమే గుర్తుంచుకోగలిగేవాడు. 20 నెలల్లో 200 గంటలకు పైగా సాధన చేసి 79 అంకెలకు చేరాడు. అతను పరుగు పందేల ఆటగాడు. అంకెల గుంపులను పరుగు సమయాలుగా మార్చుకునేవాడు. అంకెల బదులు అక్షరాలు ఇవ్వగానే మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. గిన్నె పెరగలేదు, అంకెలను సర్దే ఉపాయం పెరిగింది. మన అవధానుల ధారణనూ ఈ కోణంలో చూడవచ్చు. ఎనిమిది మంది పృచ్ఛకుల పద్యపాదాలను విడివిడిగా నిలుపుకోవడంలో ఛందస్సు ఎంత పని చేస్తుందో పద్యం రానివారి చేత అవే అక్షరాలను చెప్పించి చూస్తే తెలుస్తుంది. ఒక పనిలో అసాధారణమైన మెరుగుదల కనిపించినా, అది సాధారణ సామర్థ్యం పెరిగిందని చెప్పడానికి చాలదు.

ఇరవై మంది చాలా?

సమూహానికి 20 మంది అన్న సంఖ్య దగ్గర మీరు గణాంక పాఠాన్ని గుర్తు చేసుకోవాలి. 20 మంది చొప్పున ఉన్న రెండు సమూహాల సగటులను ఒక్కసారి పోల్చి, ఉన్న తేడాను 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే, ఆ తేడా ప్రామాణిక విచలనంలో సుమారు 0.9 వంతు ఉండాలి. మనోవిజ్ఞానంలో ఇది చాలా పెద్ద తేడా. 0.5 వంతు ఉన్న మధ్యస్థ తేడాను అదే నమ్మకంతో పట్టుకోవడానికి ఒక్కో సమూహానికి 64 మంది కావాలి. ఈ పత్రంలో ఒకే మనిషిని చాలాసార్లు కొలిచారు కాబట్టి పరిస్థితి ఇంతకన్నా మెరుగే. అయినా సమస్య పూర్తిగా పోదు. చిన్న సమూహాల్లో 'సార్థకం' అని తేలిన తేడాలు అసలు ఉన్నదానికంటే పెద్దగా కనబడతాయని కేథరిన్ బటన్ బృందం 2013లో నాడీ శాస్త్ర పత్రాల గురించి హెచ్చరించింది. 15 మందితో మొదలైన 2005 కథ ఎటు వెళ్లిందో చూశాం. మూడో ప్రయోగం మంచి పనే, కానీ చేసినవారు అదే బృందం. వేరే ఊరిలో, వేరే చేతులతో, పెద్ద సంఖ్యలో చేయాలి.

తొలి సామర్థ్యం తక్కువగా ఉన్నవారికే ఎక్కువ మేలు జరిగిందన్న ఫలితం వినగానే మీలో కొందరు 'సగటు వైపు తిరోగమనం' అని రాసుకుని ఉంటారు. అనుమానం మంచిదే. అయితే తొలి సామర్థ్యాన్ని పదాల జాబితాతో కాక, వేరే పరీక్షతో కొలిచారు. కాబట్టి ఆ అభ్యంతరం ఇక్కడ అంత బలంగా తగలదు. బాగా చేసేవారికి ఇంకా పెరగడానికి చోటు తక్కువన్న అభ్యంతరం మాత్రం తగులుతుంది.

విద్యుత్తు లోపలికి చేరుతుందా?

పరికరం తలపై ఉంది. మెదడు పుర్రె లోపల ఉంది. మధ్యలో చర్మం, ఎముక ఉన్నాయి. గ్యోర్గీ బుజాకీ పాల్గొన్న బృందం 2018లో మృతదేహాలపై కొలిచి, ఇచ్చిన విద్యుత్తులో మూడు వంతులు చర్మం, పుర్రెల దగ్గరే ఖర్చయిపోతుందని చూపింది. 2019లో బెల్జియంలోని ల్యూవెన్ పరిశోధకులు ఇంకా ఇబ్బందికరమైన విషయం చెప్పారు. కదలికలపై టీఏసీఎస్ చూపే ప్రభావం మెదడుకు నేరుగా చేరిన విద్యుత్తు వల్ల కాక, చర్మంలోని నాడుల లయబద్ధమైన స్పందన వల్ల రావచ్చన్నారు. చర్మానికి మత్తు లేపనం రాస్తే ప్రభావం తగ్గింది. మరోవైపు మాట్యూ క్రౌజ్ బృందం అదే ఏడాది కోతుల మెదడు లోతుల్లోని నాడీకణాలు బయటి లయకు అనుగుణంగా స్పందించడం నమోదు చేసింది. ఆ తరవాత చర్మపు స్పందన లేకుండా కూడా ఇది జరుగుతుందని అదే ప్రయోగశాల చూపింది. వివాదం పూర్తిగా తీరలేదు. మన పత్రం విషయంలో తారుమారు ప్రయోగం కొంత అండగా నిలుస్తుంది. నిదాన లయ చర్మంపై కలిగించే అనుభూతి ఒక్కటే కారణమైతే, అది ముందు భాగంలో ఇచ్చినా పనిచేసి ఉండేది.

లాభానికి వెల ఉంటుందా అన్న ప్రశ్ననూ ఈ పత్రం తగినంతగా అడగలేదు. తెరెసా ఇకులానో, రోయి కొహెన్ కడోష్ 2013లో కొత్త సంఖ్యా చిహ్నాలను నేర్పిస్తూ విద్యుత్తు ఇచ్చారు. ఒక భాగాన్ని ప్రేరేపిస్తే నేర్చుకోవడం వేగవంతమైంది, కానీ నేర్చినదాన్ని అప్రయత్నంగా వాడే శక్తి దెబ్బతింది. ఇంకో భాగాన్ని ప్రేరేపిస్తే సరిగ్గా దానికి తలకిందులుగా జరిగింది. లాభం వచ్చిన చోట మాత్రమే కొలిస్తే నష్టం కనబడదు.

ఇంటి మనిషికి ఏం చెప్పాలి?

పాల్గొన్నవారు మతిమరుపు వ్యాధి నిర్ధారణ అయినవారు కారు. కాబట్టి అల్జీమర్స్ ఉన్న వ్యక్తి కుటుంబానికి ఈ పత్రం ఏ హామీ ఇవ్వడం లేదు. పదాల జాబితా మెరుగుపడితే మాత్ర వేసుకున్నామో లేదో గుర్తుంటుందా, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి గుర్తుంటుందా అన్నది కొలవలేదు. పెద్దవాళ్లు భయపడేది జాబితాల గురించి కాదు, వీటి గురించి.

చికిత్సనూ, సామర్థ్యం పెంచుకోవడాన్నీ కలపకండి. ఈ పద్ధతుల్లో కొన్ని వైద్యంలో ఉన్నాయి. అమెరికాలో 2008లో కుంగుబాటుకు అయస్కాంత పద్ధతిని అనుమతించారు. బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు స్కిజోఫ్రీనియాలో మాటలు వినబడే భ్రాంతులపై టీడీసీఎస్‌ను అధ్యయనం చేశారు. అక్కడ వైద్యుడి పర్యవేక్షణ ఉంటుంది, మోతాదుకు హద్దు ఉంటుంది. ఆన్‌లైన్‌లో దొరికే హెడ్‌సెట్‌కో, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో ఇంట్లో తయారు చేసుకున్న పరికరానికో ఇవి వర్తించవు. 2016లో ఈ రంగంలోని పరిశోధకులే పలువురు కలిసి ఇంటి వాడకందార్లకు బహిరంగ లేఖ రాశారు. ఎలక్ట్రోడ్ల మధ్య ఉన్న భాగమే కాక ఇతర భాగాలూ ప్రభావితం కావచ్చనీ, ఒకరికి వచ్చిన ఫలితం ఇంకొకరికి రాకపోవచ్చనీ, మార్పులు ఎక్కువ కాలం ఉండిపోవచ్చనీ అందులో హెచ్చరించారు. పరీక్షల ముందు ఇలాంటివి ప్రయత్నించాలనుకునే విద్యార్థులు ఆ చివరి మాటను రెండుసార్లు చదవాలి.

నా అంచనా ఇది: 2022 పత్రం ఒక నిర్దిష్టమైన పనిలో, నిర్దిష్టమైన లయతో, నిర్దిష్టమైన స్థలంలో నిజమైన ప్రభావం ఉండే అవకాశాన్ని చూపింది. 'క్రియాశీల స్మృతి మెరుగైంది' అనడానికి కావలసిన కొలతలు అందులో లేవు. 'చివరి పదాల పునఃస్మరణ మెరుగైంది' అని రాసి ఉంటే నేను అంగీకరించేవాణ్ణి. అయితే అలా రాస్తే పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కేది కాదు.

అభ్యాసం

కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సుమారు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.

1. ఈ పత్రం వాదనను నేరుగా పరీక్షించే ఒక ప్రయోగాన్ని రూపొందించండి. 'నిలుపుకోవడం', 'పని చేయడం' రెండింటినీ కొలిచే పనులు ఉండాలి. నియంత్రిత సమూహం ఏది, ఎంతమంది, ఎందుకు అంతమంది అన్నవి రాయండి.

2. మీ ఇంట్లో 70 ఏళ్ల పెద్దమనిషి వార్త చదివి 'ఆ మిషన్ మనమూ కొందామా' అని అడిగారు. ఆయన ఆశను కించపరచకుండా, పత్రంలో లేనిది చెప్పకుండా, ఆయనకు అర్థమయ్యే మాటల్లో ఒక ఉత్తరం రాయండి.